రాజాం బస్సుకి ముందు

చీపురుపల్లి సూర్యా టాకీస్‌లో
ఇరవై రెండేళ్ళు ఆపరేటర్ని.
మొదటాట తొమ్మిదింపావుకి వదలాలి,
తొమ్మిదిన్నరకి రాజాం ఆఖరి బస్సు.
సినిమా పొడుగైతే
మా ఓనరు బోర సత్యంనాయుడు
కిటికీలోంచి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించేవాడు.
ఏది కొయ్యాలో అడగక్కర్లేదు.
ఫైటు తీస్తే కుర్చీలు విరుగుతాయి,
ఏడుపు తీస్తే ఆడవాళ్ళ తరగతి ఊరుకోదు.
హాస్యం పోయిందని ఎవరూ దెబ్బలాటకి రారు.

అలా నేను కోసింది ఎక్కువగా ఆమెనే.

గరివిడి పక్కూరి మనిషి, పేరు సింహాచలం.
నాటకాల్లో హార్మోనియం పక్కన
బెంచీ ఎక్కి పాడిన గుంట.
మద్రాసు వెళ్తే పేరులోంచి సింహాన్ని దింపేసి
అచలాదేవి అన్నారు.
అచల అంటే కదలనిదట.
అరవై మూడు సినిమాల్లో
ఆమె స్థిమితంగా నిలబడ్డట్టు గుర్తు లేదు నాకు.
పేడలో జారింది, పడవలోంచి పడింది,
పిండి గంగాళంలో కూర్చుంది,
పెళ్ళిచూపుల్లో పీట ముక్కలైంది.

మా నాన్న సన్నాయి వాయించేవాడు.
చూపు మందగించాక ఓ సాయంత్రం
మెషిన్ గదిలో నా పక్కన కూర్చున్నాడు.
తెరమీద ఆమె సంగీతం పంతులు ముందు పాడుతోంది.
గాడిద తాడు తెంపుకుంది. హాలంతా ఈలలు.
నాన్న నవ్వలేదు.
"ఒరే, వెంట్రుకవాసే తప్పుతోందిరా.
ప్రతిసారీ అదే చోట, అదే కొలత.
సుతి ఇంట్లో పుట్టినోళ్ళకి గానీ
అలాగ తప్పడం రాదు."

తర్వాతి రీలులో కథానాయిక వెన్నెల్లో పాడుతుంటే
నా మోకాలు గట్టిగా నొక్కాడు.
"అదే గొంతు."

పేర్లు పడ్డప్పుడు ఆ సంగతి లేదు.
ఒకటే హాలు, ఒకటే టికెట్టు.
ఆ గొంతు ఇంకొకరి నోట ఉంటే కళ్ళు తుడుచుకున్నారు,
సొంత నోట ఉంటే
పొట్టలు పట్టుకున్నారు.

కిటికీలో వేళ్ళు ఆ రాత్రీ ఆడాయి.
కోశాను.
ఆట అయ్యాక మళ్ళీ అతికించాలి,
అరటిపండు వాసనేసే సిమెంటు రాసి.
ఆ ముక్క అతికించలేదు.
బెజవాడ ఆఫీసువాళ్ళు అడుగుకింతని
జీతంలో పట్టుకున్నారు.
తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.
హార్లిక్స్ డబ్బా నిండింది.

టాకీస్ ఇప్పుడు గోగునార గోదాం.
మొన్న ఎండల్లో పలాస పాసింజరు దిగి
ఒక ముసలావిడ వాకబు చేసుకుంటూ వచ్చింది.
"నా ముక్కలు నీకాడున్నాయంట గదా!
ఏటి బాబూ, దాసేసినావా?"

మూత తీస్తే పులిసిన వాసన.
ఫిల్ము పాము కుబుసంలా ముడుచుకుంది.
ఒకటి లాగి ఎండకి ఎత్తింది.
తన మొహం చూసుకుంటుందనుకున్నాను.
బొమ్మల అంచున రంపప్పళ్ళలాంటి సన్నగీత ఉంటుంది,
పాటంతా అందులోనే.
దానివెంట గోరు పెట్టి నడిచింది,
పెదాలు కదిలాయి,
ఆగింది.
"ఇదిగో, ఇక్కడ నూలుపోగంత ఎక్కువ తప్పీసినాను.
ఇంకోసారి తీద్దారని ఆ రోజే సెప్పినాను.
ఇన్నారు కారు."

ఏడుస్తుందేమోనని నీళ్ళచెంబుతో నిలబడ్డవాణ్ణి,
ఆ నీళ్ళు నేనే తాగాను.
కోసింది నేనని చెప్పాను.
ఎందుకని అడిగింది.
బస్సు కోసం అన్నాను.
"మంచిపని సేసినావు, ఆ బస్సుకే మాయమ్మ ఎల్లేది"
అంది. నిజమో, నన్ను ఓదార్చడానికో.

డబ్బా తీసుకోలేదు.
ఒక్క ముక్క కొంగున కట్టుకుంది.
స్టాండు దాకా గొడుగు పట్టాను.
కండక్టరు కుర్రాడు ఆమెని ఎరగడు,
"తొరగా ఎక్కు మామ్మా" అన్నాడు.
మెట్టు మీద కాలు పెట్టి
పడబోయినట్టు ఒక్కసారి తూలింది,
కడ్డీ పట్టుకుంది, వెనక్కి నాకేసి చూసింది.

లోపలెక్కడో
ఒక పిల్ల కిసుక్కున నవ్వింది.